ముసలితనం ముదిరిన కుట్ర

ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో జైల్లో ఉన్న విప్లవ కవి వరవరరావుకు బెయిలు ఇవ్వొద్దంటూ జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) 2020 జులైలో బాంబే హైకోర్టులో వేసిన అఫిడవిట్ సంగతి చదివాక, మా జుక్కల్‌లో అరుగుల మీద కూర్చునే ముసలోళ్లందరి మీదా నాకు అనుమానం మొదలైంది. కరోనానూ వయసునూ అడ్డం పెట్టుకుని ఆయన అనుచిత లబ్ధి పొందజూస్తున్నాడట.

ఎంత ముందుచూపున్న కుట్ర! 1940 నవంబరులోనే చిన్న పెండ్యాలలో పుట్టేశాడు. అప్పుడు పుడితేనే కదా, 2020 జులైకి 79 ఏళ్లుంటాయి! ఇంకో ముప్పై ఏళ్లాగి పుడితే ఏం పోయేది? ఆగలేదంటే తల్లిదండ్రులకూ విషయం తెలిసే ఉండాలి. పురుడు పోసిన మంత్రసానిని సహనిందితురాలిగా చేర్చాలి. ఆ తర్వాత ఏడాదికి ఒకటే ఏడు చొప్పున, నిఘా వర్గాలకు ఉప్పందకుండా వయసు కూడబెట్టాడు. ఇక ఆ క్రిమి సంగతి. వూహాన్ నుంచి బయల్దేరి, ఎక్కడెక్కడో తిరిగి, సరిగ్గా ఆయనున్న చోటికే రావడం కాకతాళీయమంటే ఎవరు నమ్ముతారు? దాని మీదా ఉపా పెట్టాల్సిందే.

మా ఊరి ముసలోళ్లకు ఈ తెలివి లేదు. ఆ రోజుల్లోనే ఒకాయన వృద్ధాప్య పింఛను కాగితాలు పట్టుకుని ఆఫీసుకు పోయాడు. నోట్లో పన్ను లేదు, కర్ర లేనిదే అడుగు పడదు.

"ఆధార్‌ల అరవై మూడే ఉన్నది తాతా, రెండేండ్లాగి రా."

"మరి నా పండ్లు యాడికి బోయినయి బిడ్డా?"

జవాబు లేదు. అప్పట్లో నెలకు 2,016 రూపాయల పింఛను ఇవ్వాలంటే ముసలితనానికి రుజువు కావాలి. బెయిలు దగ్గరికొచ్చేసరికి రుజువున్న ముసలితనమే నేరం.

అప్పట్లో మహారాష్ట్రలోని దెగ్లూరు వైపు నుంచి వచ్చేవాళ్ల నుదుటికి సలాబత్‌పూర్ చెక్‌పోస్టులో థర్మామీటర్ పెట్టేవాళ్లు. జ్వరం చూసి ఏం లాభం? లబ్ధి ఎన్ని డిగ్రీలుందో చూసే మిషను తెప్పించాల్సింది. వరవరరావు నుదుటి మీద పెడితే లెక్క తేలిపోయేది. మే 28న స్పృహ తప్పి జేజే ఆసుపత్రిలో చేరడం ఒక లబ్ధి. మూడు నాలుగు రోజులకే మళ్లీ తలోజా జైలుకు చేరడం ఇంకొకటి. జులై 11న ఇంటికి ఫోన్ చేసి, ఎన్నడో పోయిన తండ్రి అంత్యక్రియల గురించి మాట్లాడటం మూడోది. 16న కరోనా పాజిటివ్. ఆసుపత్రిలో మూత్రంతో తడిసిన పక్క మీద పడి ఉన్నాడని ఇంటివాళ్లు చెప్పారు.

దీన్నా మీరు లబ్ధి అంటున్నది?

జైళ్లలో రద్దీ తగ్గించమని సుప్రీంకోర్టు మార్చి 23నే చెప్పింది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసులవాళ్లను వదిలే సంగతి చూడమంది. ఉపా కేసులకు ఆ తలుపు తెరుచుకోలేదు. కరోనాకు సెక్షన్లు చదవడం వచ్చా? జూన్ 26న ప్రత్యేక కోర్టు కూడా బెయిలు ఇవ్వనంది. అప్పటికి అరెస్టయి రెండేళ్లు కావస్తోంది, విచారణ మొదలే కాలేదు, ఒక్క సాక్షీ బోనెక్కలేదు. నేరం రుజువైతే శిక్ష వేయండి, ఎవరు కాదన్నారు? రుజువు కాకముందే మనిషిని జైల్లో చావనివ్వమని ఏ చట్టంలో ఉంది? బెయిలుకు ఎంత రోగం సరిపోతుందో ఆ అఫిడవిట్‌లోనే రాయాల్సింది: ఎన్నిసార్లు స్పృహ తప్పాలి, ఎంతమందిని మరిచిపోవాలి అని. లేక శవం బయటికొస్తే తప్ప నటన కాదని నమ్మరా?