‘సరిగ్గా’ – సూర్యసమ్మత టీక

మూలము: “సభ ఉదయం సరిగ్గా 10 గంటలకు ప్రారంభమగును.”

టీక: ‘సభ’, ‘ఉదయం’, ‘ప్రారంభమగును’ సులభములు, విడిచితిమి. ‘సరిగ్గా’ ఒక్కటే విచార్యము. ఎవరి లెక్కన సరిగ్గా? చేతిగడియారం లెక్కన అందురేని, అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టుబడినది. ఆ రేఖకు కాస్త ఇవతలే అన్నవరం. రత్నగిరిపై 1943లో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి కట్టిన నీడగడియారం అక్కడుంది. స్థలభేదం వల్ల దానికీ మన గడియారానికీ వచ్చే తేడా అర నిమిషమైనా లేదు. అది కట్టిన ఏడు యుద్ధం పేరిట సర్కారు దేశంలోని గడియారాలను గంట ముందుకు తిప్పించి ఉంది. సూర్యుడికి ఆ సర్క్యులర్ అందలేదు గనుక శంకువు నీడ తన దారినే నడిచింది. సూర్యసిద్ధాంతం పన్నెండంగుళాల శంకువు నీడ నుంచే దిక్కు, దేశం (అంటే చోటు), కాలం మూడూ రాబట్టింది. ఆ ప్రకరణానికి త్రిప్రశ్నాధికారమని పేరు. మన ఆహ్వానపత్రిక దేశం ఉన్నదున్నట్టు చెప్పి, కాలం దగ్గరికొచ్చేసరికి బొంకుతుంది. ఇంత విస్తరమెందుకంటారా? అనవసరమైనది చెప్పనని టీకాకారుడు మల్లినాథసూరి ప్రతిన పట్టాడు, మేము పట్టలేదు.

శంక: జనగామలో పొద్దు ఆలస్యంగా నడినెత్తికి వస్తుంది, సభ ఆలస్యానికీ అదే హేతువు కారాదా? సమాధానము: కొంతవరకు అగును. జనగామ ఆ రేఖకు మూడు డిగ్రీలకు పైగా పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 13 నిమిషాల పైచిలుకు వెనుక. మహబూబాబాద్ 10, భూపాలపల్లి పదిన్నర నిమిషాలు. భూకక్ష్య నిండు వృత్తం కాకపోవడం, ఇరుసు వాలి ఉండడం వల్ల ఫిబ్రవరి నడుమ నీడ ఇంకో 14 నిమిషాలు జాగు చేస్తుంది. కాబట్టి జనగామ నీడ పది చూపేసరికి గడియారంలో ఇంచుమించు 10.28. అంతదాకా నిర్వాహకులకు సూర్యుడే పూచీ. అయితే నవంబరు మొదట్లో నీడ 16 నిమిషాలు ముందుంటుంది. అప్పుడు జనగామలో 9.57కే, మహబూబాబాద్‌లో 9.54కే సభ మొదలుకావాలి. శాస్త్రంలోని ఈ భాగాన్ని ఎవరూ ఆశ్రయించినట్టు లేదు. ముఖ్య అతిథి కారు పన్నెండింటికి ఆగుతుంది. సూర్యుడి 28 నిమిషాలూ మినహాయించినా మిగిలే గంటన్నరకు ఏ సిద్ధాంతంలోనూ ఆధారం లేదు. ఆ గంటన్నరా బడిపిల్లలు పూలు పట్టుకుని ఎండలో నిలబడే ఉంటారు, వాళ్లకు మంచినీళ్లిచ్చే దిక్కుండదు.

మబ్బు పడితే నీడగడియారం దేనికి పనికొస్తుందని మరొక శంక. నిజమే, అప్పుడది ఊరుకుంటుంది. మైకు పట్టుకుని “మరికొద్ది సేపట్లో” అనదు.

తాత్పర్యము: అయ్యా నిర్వాహకులారా, పత్రికలో ‘సరిగ్గా’ కొట్టేసి ‘అతిథి వచ్చిన పిమ్మట’ అని అచ్చువేయించండి. అది చిన్నతనమనిపిస్తే, పదింటికి వచ్చి కూర్చున్నవాళ్లతోనే సభ మొదలుపెట్టండి.