రాజమండ్రి ఒక్క పూటలో

రాజమండ్రిని ఒక్క రోజులో చుట్టేసి రావచ్చన్నది మా బావ సిద్ధాంతం. బెజవాడలో పొద్దున్నే రత్నాచల్ ఎక్కేసరికి ఆయన జేబులో కాగితం తయారుగా ఉంది. నన్నయకి అరగంట, వీరేశలింగానికి నలభై నిమిషాలు, కాటన్ దొరకి గంట. పళ్ళ డాక్టరు పేషెంట్లకి టైము ఇచ్చినట్టు వెయ్యేళ్ళ చరిత్రని ముక్కలు కోసి పెట్టాడు.

కొవ్వూరు దాటి బండి గోదావరి మీదికి రాగానే పెట్టె పెట్టంతా కిటికీలకి అతుక్కుపోయింది. నదిలో నాణెం వెయ్యాలిగా! తీరా చూస్తే ఎవరి దగ్గరా చిల్లర లేదు, అందరూ ఫోన్లతో డబ్బులిచ్చేవాళ్ళే. "గోదావరికి క్యూఆర్ కోడ్ లేదా మామయ్యా?" అన్నాడు మా మేనల్లుడు. మా అక్క వాడి నెత్తిన ఒక్కటిచ్చి, వాడి తరఫున నదికి దణ్ణం పెట్టుకుంది. కాస్త అవతల పాత హేవలాక్ వంతెన ఖాళీగా నిలబడి ఉంది. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసి రిటైరైంది. "నేనూ రిటైరయ్యాను. నన్నెవరైనా కిటికీలోంచి చూస్తున్నారా?" అని నిట్టూర్చాడు బావ.

స్టేషన్ బయట ఆటో బేరం. మా బెజవాడలో బేరమంటే గొంతులు లేవాలి. ఇక్కడి కుర్రాడు "ఆయ్, తవరు పెద్దోరండి, తవరెంతిస్తే అంతేనండి" అంటూనే మొదట చెప్పిన రేటు నుంచి ఒక్క రూపాయి దిగలేదు. అంత మర్యాదస్తుడితో పోట్లాడ్డం ఎలాగో తెలియక బావ అడిగినంతా ఇచ్చి, పైగా తనే థాంక్స్ చెప్పాడు.

రాజరాజ నరేంద్రుడు అడిగితే నన్నయ భారతం తెనిగించడం మొదలుపెట్టింది ఈ ఊళ్ళోనే. రెండు పర్వాలు పూర్తిచేసి, మూడోది సగంలో ఉండగా ఆగిపోయింది. పని మధ్యలో ఆగినా ఆదికవి అనిపించుకున్నాడాయన. మేం గుమాస్తాలం, ఫైలు మధ్యలో ఆపితే మెమో అందుకునేవాళ్ళం.

వీరేశలింగం గారి ఇంటి దగ్గర మాత్రం బావ కాగితం పనిచెయ్యలేదు. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఇంట్లోనే. ఊరు భగ్గుమంది. వంటవాళ్ళూ పనివాళ్ళూ మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి స్వయంగా నీళ్ళు మోసి, పెళ్ళివంట చేసిందట. ఈ సంగతి విన్నాక మా అక్క అక్కణ్ణించి కదలనంది.

"చూశారా? సంస్కరణ ఆయనది, బిందెలు ఆవిడవి!"

"అదికాదే, టైమవుతోంది..." అని బావ నసిగాడు.

"పొద్దున కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి లేచారు. కడిగిందెవరు?"

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా మట్టుకు నాకు అక్క మాటే రైటనిపించింది. వీరేశలింగం గారి విగ్రహం ఉన్న ప్రతి చోటా పక్కన ఆవిడ విగ్రహం కూడా ఉండాల్సింది, చేతిలో బిందెతో సహా. పైకి అనలేదు. మా ఆవిడ పక్కనే ఉంది, మా ఇంట్లోనూ గ్లాసులున్నాయి.

తర్వాత మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్. కాగితంలో లేని ఈ అంశానికే అన్నింటికన్నా ఎక్కువ సేపు పట్టింది. రెండో గ్లాసు దగ్గర బావ కళ్ళు మూతలు పడ్డాయి. ధవళేశ్వరం చేరేసరికి కాటన్ దొరకి మిగిలింది పావుగంట. 1847లో మొదలుపెట్టి 1852 కల్లా ఆనకట్ట కట్టించి, వరదలకీ కరువులకీ నలిగిపోతున్న డెల్టాని అన్నపూర్ణగా మార్చిన మనిషికి మేమిచ్చిన టైము అది! అందులోనూ సగం సెల్ఫీలకే పోయింది.

మీరు వెళ్తే రెండు రోజులు పెట్టుకోండి. ఒక్క రోజే కుదిరితే ముందు ధవళేశ్వరం చూసి, రోజ్ మిల్క్ ఆఖర్న తాగండి. అది తాగాక ఎవరూ లేవరు.