నా పుట్టుపూర్వోత్తరాలు అడగండి

నేనొక జామకొమ్మను. మొయినాబాద్ వైపు ఒక తోట గట్టు మీది చెట్టు నాది. కాయలు దిగాక చేసిన కత్తిరింపులో నేల రాలాను. ఇప్పుడు నాలుగడుగుల గాజుపెట్టెలో బాల్ పైథాన్ అనే పాము పాకడానికి ఆసరాగా ఉన్నాను. నా ఆత్మకథలో సాహసాలేమీ లేవు, ఒక వాదన మాత్రం ఉంది. సరీసృపాల పెట్టెలో పెట్టే కొమ్మను జనం వంపు చూసి, నునుపు చూసి, ఫొటోలో ఎలా పడుతుందో చూసి ఎంచుకుంటారు. చూడవలసింది అది కాదు. అది ఏ చెట్టుది, ఎక్కడ పెరిగింది, దాని మీద ఏం చల్లారు, ఎలా ఎండింది అన్నవే అడగాలి. కొమ్మ తన కథ తాను చెప్పుకోలేదు కాబట్టి అడిగి తెలుసుకోవలసింది మనుషులే. నాకు ఈ అవకాశం దొరికింది గనక చెబుతున్నాను.

మా మొయినాబాద్ దారిలోనే ఉన్న చేవెళ్ల పేరెత్తితే అందరికీ ముందు మర్రి గుర్తొస్తుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా వందలాది మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాటిని కాపాడాలని చెట్ల ప్రేమికులు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. అంత పేరున్న చెట్టు కొమ్మ గాలివానకు విరిగి రోడ్డు పక్కన పడి ఉంటే తెచ్చుకోవాలనిపించడం సహజమే. కానీ ఆ పేరుతో పాముకు పని లేదు. పచ్చిమర్రిని కోస్తే పాలు కారతాయి. అవి జిగురు, చర్మానికీ పడవు. బాగా ఎండిస్తే పాల బెడద తగ్గుతుంది. ఏళ్ల తరబడి లారీల పొగా దుమ్మూ పేరుకున్న బెరడు మాటేమిటి? రోడ్ల డివైడర్ల మీద నాటే గన్నేరును తాకనే కూడదు, దాని ఆకు నుంచి కర్ర దాకా విషమే. పొలం గట్ల మీద పచ్చిరొట్ట కోసం పెంచే గ్లిరిసిడియా చూడ్డానికి తిన్నగా, తేలిగ్గా ఉంటుంది. మధ్య అమెరికాలో దాని ఆకునూ బెరడునూ గింజల్లో కలిపి ఎలుకలకు మందు పెడతారని తెలిస్తే ఆ తేలిక నచ్చదు. వేప మంచిదే కదా అంటారా? పంటికీ పొలానికీ మంచిదే. అయితే పురుగుల ఎదుగుదలను ఆపే గుణం వేపకుంది, గింజలో మరీ ఎక్కువ. బల్లులకు ఆహారంగా చిమ్మటల్ని వదిలే పెట్టెలో ఆ అనుమానం ఎందుకు? చింత, జామ దొరికే ఊళ్లో వేప దాకా పోనక్కర్లేదు.

అలాగని జామ అనగానే సరిపోదు. మా జాతికి గట్టి కర్ర, మంచి పంగలు ఉన్నాయి, నిజమే. కానీ అమ్మకానికి పెంచే తోటలో పిండినల్లికీ పండు ఈగకూ మందు కొడతారు. కొమ్మ నరికిన చోట తెగులు పట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్ట్ పూస్తారు. కొమ్మ మొదట్లో నీలిరంగు మరక కనిపిస్తే అదే. వేడి చేస్తే అన్నీ పోతాయన్నది తరచుగా వినిపించే మాట. వేడికి నల్లులు, వాటి గుడ్లు, బూజు చస్తాయి. రాగి ఎక్కడికీ పోదు, పురుగుమందు పోతుందన్న భరోసా కూడా లేదు. పూత ఉన్న చివరను రంపంతో కోసి పారేయాలి. మందు కొట్టిన చెట్టయితే కొమ్మను మొత్తంగా వదిలేయాలి. ఇంటివాళ్లు తినే కాయల కోసం గట్టున ఉంచిన చెట్టు నాది, దాని మీద మందు పడలేదు. నాకున్న యోగ్యత అంతా అదే.

మిగతాది తయారీ. జామ బెరడు రేకులు రేకులుగా లేస్తుంది, ఆ రేకుల కిందే పురుగు దాక్కుంటుంది. లేచిన రేకులన్నీ గీకేసి, సబ్బు లేకుండా వేడినీళ్లతో గట్టి బ్రష్ పెట్టి రుద్దాలి. ఫినాయిల్ వాడకూడదు, అలాంటి మందులు సరీసృపాలకు విషం, పైగా కర్ర వాటిని పీల్చి దాచుకుంటుంది. తర్వాత ఎండబెట్టాలి. దానికి మన వేసవి కంటే మంచి పొయ్యి లేదు. నల్ల పాలిథిన్‌లో చుట్టి ఏప్రిల్ ఎండలో డాబా మీద పడేసి, ఆ తర్వాత విప్పి వారాల పాటు గాలికి ఆరనివ్వాలి. పచ్చి మిగిలితే పెట్టెలోని తేమకు బూజు ఖాయం. సూదిమొనంత రంధ్రాల నుంచి మెత్తటి పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. అడవిలో కొమ్మల్ని ఎవరు కడుగుతున్నారని వాదించేవాళ్లుంటారు. అడవిలో కొమ్మ పడకపోతే పాము ఇంకో కొమ్మకు పోతుంది. ఇక్కడ నాలుగు వైపులా గాజే.

బాల్ పైథాన్ నేల మీది పాము, దానికి కొమ్మెందుకన్న ప్రశ్న కొంత సబబే. అయితే ఆగ్నేయ నైజీరియాలో అడవిలోని బాల్ పైథాన్లను పరిశీలించినప్పుడు మగవి ఆడవాటికంటే ఎక్కువగా చెట్లెక్కి పక్షుల్ని తింటున్నట్టు తేలింది. పైగా కుబుసం విడిచేటప్పుడు మూతి రాసుకోవడానికి గరుకు కావాలి. ప్లాస్టిక్ కొమ్మ శుభ్రం చేయడం తేలికే, ఆ మాట కాదనను. ఆ గరుకే దానికి లేదు. పాముకైతే దాని ఒంటి లావుకు తగ్గని కొమ్మ ఉండాలి. అది మట్టి మీద కాకుండా పెట్టె అడుగుకే ఆని, కదలకుండా నిలవాలి. ఊసరవెల్లి లాంటి దాని లెక్క వేరు. దాని కాలివేళ్లు ఒక పక్క రెండు, ఒక పక్క మూడు కలిసిపోయి పట్టుకారులా ఉంటాయి. పట్టుకు అందే సన్నకొమ్మలే దానికి కావాలి, అవీ రకరకాల మందాల్లో.

ఊసరవెల్లి పేరు ఉదాహరణకే తెచ్చాను. మన ఊసరవెల్లి, ఉడుము, నక్షత్ర తాబేలు 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, వాటిని ఇంట్లో పెంచడం నేరం. చిలుకూరు మృగవని జాతీయ ఉద్యానంలో ఎండుకొమ్మ ఏరుకోవడానికీ వీల్లేదు. బాల్ పైథాన్, ఇగువానా లాంటి విదేశీ జీవులు ఉన్నవాళ్లు 2024 నియమాల ప్రకారం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కొమ్మ చరిత్ర అడిగే ఇంట్లో ముందు జంతువు చరిత్రకు కాగితం ఉండాలి కదా.

నా ముగింపు కూడా నాకు తెలుసు. పాముకు నల్లులు పడితే గాజును కడుక్కోవచ్చు, నన్ను కడిగి లాభం లేదు, నా పగుళ్లలో గుడ్లు మిగిలే ఉంటాయి. అప్పుడు నన్ను పొయ్యిలో పెట్టి, మళ్లీ అదే గట్టు మీది చెట్టు దగ్గరకు వెళ్లడం మంచిది. అయితే ఈ మధ్యలో దానికి మందేమైనా కొట్టారా అని ముందు తోటవాళ్లను అడగాలి.