వాది గైర్హాజరు

నేలను కాపాడండంటూ జనం కోర్టులెక్కి ప్రభుత్వాల నిద్ర చెడగొడుతున్న రోజులివి. ఒక్క వాయిదా కూడా పడకుండా అలాంటి వ్యాజ్యాన్ని తెగ్గొట్టిన ఘనత మా మిడుతూరు మండలానిది. ఎలాగంటారా? వాదినే లేకుండా చేసుకున్నాం.

ఆ వాది బట్టమేక పక్షి. మగదైతే 15 కిలోల దాకా తూగుతుంది. పెట్ట ఒక విడతకు సాధారణంగా పెట్టేది ఒకే గుడ్డు. దీనికోసం 1988లో మా రోళ్లపాడు దగ్గర 614 హెక్టార్లు, అంటే 1,500 ఎకరాల పైచిలుకు, అభయారణ్యమన్నారు. చెట్లు లేని అరణ్యమేమిటో కాగితాలకు ఎక్కలేదు. గడ్డినేలంటే బంజరు, కాదంటే మేత పోరంబోకు. మగపక్షి గొంతుసంచిని నేలకు వేలాడేలా ఉబ్బించి, తోక నిక్కించి, హుమ్మని పిలిస్తే పెట్టకు దూరం నుంచి కనబడాలి. అందుకు గోడా తీగా లేని బయలు కావాలి. ఆ ముక్క రాసుకోవడానికి అడంగల్‌లో గడి లేదు మరి!

ఢిల్లీలో మాత్రం దీని కేసు ఘనంగా నడిచింది. 1972 వన్యప్రాణి చట్టం రాయడంలో చేయి ఉన్న మాజీ ఐఏఎస్ ఎం.కె. రంజిత్‌సింహ్ 2019లో సుప్రీంకోర్టుకెక్కారు. బట్టమేకకు కళ్లు పక్కలకుంటాయి, ఎదురొచ్చే కరెంటు తీగ ఆనదు. తీగలను భూమిలోకి దించమని 2021 ఏప్రిల్ 19న కోర్టు చెప్పింది. సౌర విద్యుత్తు ఏమైపోవాలని కేంద్రం గోల పెట్టింది. 2024 మార్చి 21న, వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ కూడా పౌరుడి హక్కేనంటూ, సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లలో తీగలు పాతడం అయ్యే పని కాదని కోర్టు తన ఉత్తర్వును సడలించి, నిపుణుల కమిటీ వేసింది. పాపం పక్షి, సూర్యుడే ప్రతివాదిగా నిలబడతాడని కలగన్నదా!

ఆ ఉత్తర్వుల్లో ఉన్నవి రాజస్థాన్, గుజరాత్ బయళ్లు. మిడుతూరు ఊసు లేదు. కోర్టును అని లాభం లేదు, పక్షి మిగిలిన చోటే కదా రక్షణ. ఇక్కడ అలగనూరు జలాశయం వచ్చింది, నీళ్లతోపాటు పంటలు మారాయి, జొన్నచేలూ బీళ్లూ తగ్గాయి. గని–శకునాల సోలార్ పార్కు తర్వాతెప్పుడో వచ్చింది. దాని సామర్థ్యం 1,000 మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 6 వేల ఎకరాలు. అప్పటికే పిట్ట దాదాపుగా మూట సర్దుకుంది కాబట్టి అభ్యంతరం చెప్పేవాడే లేడు. అనుమతుల చరిత్రలో ఇంత మర్యాదస్తుడైన కక్షిదారు మరొకడు ఉండడు.

అభయారణ్యంలో మిగిలినవి కృష్ణజింకలు. రాత్రికి రాత్రి చేను మేసిపోతే రైతు మంచె మీద జాగారం చేస్తాడు. పక్షి పేరున అభయారణ్యం, జింక పేరున నష్టం, పరిహారం పేరున ఆఫీసుల చుట్టూ తిరుగుడు. ఆ రైతుకు పర్యావరణం మీద ప్రేమ లేదని ఉపన్యాసమిచ్చే పెద్దమనిషి ఒక్క రాత్రి ఆ మంచె ఎక్కి చూడాలి.

తెలంగాణ పెద్దలు మా దగ్గరికి శిక్షణకు రావచ్చు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు తోలారు, నెమళ్లు అరిచాయి, విద్యార్థులు వీడియోలు తీశారు, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. అంత తొందరెందుకండీ? మేం తాపీగా, దశాబ్దాలు తీసుకుని, కాలువకొక పక్క, కంచెకొక పక్క చెక్కుకుంటూ వచ్చాం. సాక్ష్యానికి ఒక్క వీడియో లేదు.