ఖాతాసంధాన సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

ప్రాచీన సూత్రాల విషయంలో కర్త ఎవరన్న దగ్గరే పండితులు తగవుపడతారు గాని, ఇక్కడ ఆ బాధ లేదు. హెల్‌డైవర్స్ 2 అనే వీడియోగేమ్‌ను స్టాక్‌హోమ్‌లోని యారోహెడ్ స్టూడియో రూపొందించగా సోనీ సంస్థ ప్రచురించింది. 2024 ఫిబ్రవరి 8న విడుదలైన ఆ ఆటను కంప్యూటర్‌పై ఆడేవారు స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో 40 డాలర్లు పెట్టి కొన్నారు; ఒక దశలో ఆ అంగడి ద్వారానే నాలుగున్నర లక్షల మందికి పైగా ఏకకాలంలో ఆడారు. మూడు నెలలు నిండకముందే, మే మొదటివారంలో, సోనీ ఒక శాసనం వెలువరించింది. దాని ప్రకారం కొత్తగా చేరేవారు మే 6 నుంచి, పాతవారు జూన్ 4లోగా తమ స్టీమ్ ఖాతాను ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతాతో జతచేసుకోవాలి. శాసనం నిడివి ఎక్కువ, సారం తక్కువ కనుక దానిని సూత్రప్రాయంగా కుదించి, ఆ కుదించినదానికే ఇక్కడ వ్యాఖ్య చేయడమైనది.

మూలం

ఆటకు ఖాతా జోడింపవలెను, దానివలన రక్షణ గలుగును గనుక.

ప్రతిపదార్థం

ఆటకు, ఖాతా, జోడింపవలెను: స్పష్టములు.

కఠినమైన చోట ‘స్పష్టం’ అని దాటిపోయి, పసిపిల్లలకు కూడా తెలిసిన చోట మూడు పుటలు రాయడం టీకాకారులకు అనాదిగా ఉన్న హక్కు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ రఘువంశ వ్యాఖ్య ఆరంభంలోనే ప్రతిజ్ఞ చేసినవాడు మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి. ఆ ప్రతిజ్ఞ ఆయననే బంధిస్తుంది తప్ప ఈ టీకాను బంధించదు. ఇక ‘జోడింపవలెను’ ఎంత స్పష్టమంటే, దానికోసం పుట్టినతేదీ చెప్పాలి, దేశం ఎంచుకోవాలి, ఈమెయిలు ఇచ్చి పాస్‌వర్డు పెట్టాలి, ఊరూ పిన్‌కోడూ రాయాలి, ఎవరూ పెట్టుకోని మారుపేరు ఒకటి వెతుక్కోవాలి, మెయిలుకు వచ్చిన లంకెను నొక్కి నిజంగా మనమేనని ఒప్పించాలి. ఇదంతా అయ్యాక తెరపై ప్రత్యక్షమయ్యేది అంతకుముందు మూడు నెలలుగా ఆడుతున్న ఆటే.

విధివిచారం

‘జోడింపవలెను’ అనేది విధి, అనగా ఒక పని చేయమని ఆజ్ఞాపించే వాక్యం. వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే మీమాంసకులు విధిని మూడు రకాలుగా చెబుతారు. వేరే ఏ ప్రమాణం వల్లా తెలియనిదాన్ని కొత్తగా చెప్పేది అపూర్వవిధి. ఒక పనికి అనేక మార్గాలున్నప్పుడు ఒకదానికే కట్టడి చేసేది నియమవిధి. రెండు పనులు ఒకేసారి ప్రాప్తించినప్పుడు ఒకదాన్ని తోసిపుచ్చేది పరిసంఖ్యావిధి. యాగానికి వడ్లు దంచమనడం నియమవిధికి ప్రసిద్ధమైన ఉదాహరణ. పొట్టు పోవడమే కావలసి వస్తే గోళ్లతో గిల్లినా పోతుంది. అయినా దంచే తీయమన్నారంటే, ఆ కట్టడివల్ల కంటికి కనబడని ఫలం, అంటే అదృష్టం, ఏదో పుడుతుందని ఒప్పుకోవాలి.

ఖాతాసంధానం అపూర్వవిధి కాజాలదు, ఎందుకంటే ఆటలో ప్రవేశించడమనే దృష్టఫలం స్టీమ్ ఖాతావల్ల అప్పటికే సిద్ధించింది. కనుక ఇది నియమవిధి, దీని ఫలం అదృష్టం. ఆ అదృష్టం ఎవరిదన్నది తరువాతి ప్రశ్న. శాస్త్రం చెప్పిన ఫలం కర్మ చేయించే యజమానికే చెందుతుందనీ, కర్మ నడిపే రుత్విక్కులకు దక్కేది దక్షిణ మాత్రమేననీ మీమాంసకుల నిర్ణయం. ఇక్కడ యజమాని 40 డాలర్ల దక్షిణ ముందుగానే సమర్పించుకున్నాడు. రుత్విక్కు ఆ దక్షిణ పుచ్చుకుని, ఫలం కూడా తనకే రావాలంటున్నాడు. నెలనెలా ఎన్ని ఖాతాలు క్రియాశీలంగా ఉన్నాయో సోనీ తన త్రైమాసిక నివేదికల్లో మదుపరులకు చెబుతుంది. 2024 మార్చి చివరికి ఆ సంఖ్య 11.8 కోట్లు. తమను ఆ లెక్కలో కలుపుకోవడానికే ఈ కర్మకాండ అంతా అని ఆటగాళ్లు అనుమానించారంటే, వారు మీమాంస చదవకపోయినా అదృష్టఫలం ఎటు పోతున్నదో పసిగట్టారన్నమాట.

‘గనుక’ విచారం

రక్షణ గలుగును గనుక: ఇది కారణమా, పొగడ్తా? సూత్రం యావత్తూ ఈ ఒక్క ప్రశ్నపై నిలబడి ఉన్నది గనుక ఇక్కడ కొంత విస్తరించడం అవసరం.

చాతుర్మాస్యాలనే యాగాలలో వరుణప్రఘాసమనే పర్వం ఒకటి ఉంది. అందులో యవలపిండితో చేసిన చిన్న పాత్రలను చేటతో హోమం చేయాలని విధిస్తూ, చేటతోనే గదా అన్నం సిద్ధమవుతుంది అని వేదం ఒక మాట చేర్చింది. పూర్వపక్షి, అనగా ముందుగా ఎదురువాదన వినిపించేవాడు, ఇది కారణమే అంటాడు. అన్నానికి సాధనం కావడమే కారణమైతే గరిటెతోనూ హోమం చేయవచ్చు, కుండతోనూ చేయవచ్చు, ఎందుకంటే అవి లేకుండానూ అన్నం ఉడకదు. సిద్ధాంతి ఒప్పుకోడు. హోమానికి చేటను విధి సూటిగా చెప్పింది. వెనుక వచ్చిన మాట అర్థవాదం, అంటే విధించినదాన్ని మెచ్చుకునే స్తుతివాక్యం మాత్రమే. కుండకూ గరిటెకూ అందులో ప్రవేశం లేదు.

ఈ అధికరణాన్ని, అనగా ఈ చర్చను, చదివినవారు చేటను మరి చిన్నచూపు చూడలేరు. నిజానికి చేట అన్నం వండదు. అది చెరుగుతుంది, తాలునూ గింజనూ వేరుచేస్తుంది, నూకలను ఒక మూలకు చేరుస్తుంది. పొయ్యి దగ్గరకు వెళ్లే యోగ్యతే దానికి లేదు. వండేదంతా కుండ, కలిపేదంతా గరిటె, కీర్తి మాత్రం చేటది. స్తుతికి ఆ మాత్రం దూరపు సంబంధం చాలునని భాష్యకారులు సమాధానపడ్డారు గాని, వెదురుబద్దలతో అల్లి, సందులు మూసుకుపోయేలా మెంతులూ కాగితాలూ నానబెట్టి రుబ్బిన ముద్ద అలికి, ఎండబెట్టి, పండుగనాడు పసుపు రాసి రెండు చేటల నడుమ వాయనమిచ్చే తెలుగు ఇల్లాలికి ఈ సమాధానం అక్కరలేదు. చేట గొప్పదనం ఆమెకు ప్రత్యక్షం. విఘ్నేశ్వరుని చెవులకు పోలిక చేటే, రావణుని చెల్లెలి గోళ్లకూ పోలిక చేటే. శుభానికీ అశుభానికీ సమానంగా పనికివచ్చిన వంటింటి సామాను మరొకటి కనబడదు. చేట అంచుకు వెదురుబద్ద ఎన్ని చుట్లు కట్టాలన్నది మాత్రం ప్రస్తుతానికి అప్రస్తుతం.

ప్రస్తుతానికి వస్తే, ‘రక్షణ గలుగును గనుక’ అన్నది నిజంగా కారణమైతే పూర్వపక్షి గరిటె పట్టుకుని లేస్తాడు. రక్షణ కలిగించేదేదైనా సరిపోవాలి. స్టీమ్‌లో ఫోనుద్వారా రెండోసారి ధ్రువీకరించే ఏర్పాటు ముందునుంచీ ఉన్నది, అది చాలదా అంటాడు. దానికి జవాబు లేదు. అది స్తుతి మాత్రమే అంటారా, అప్పుడు దాన్ని నమ్మనక్కరలేదు. నమ్మకపోవడానికి ఇతిహాసం కూడా తోడ్పడుతుంది. 2011 ఏప్రిల్‌లో ఆగంతకులు ఇదే నెట్‌వర్క్‌లో చొరబడి సుమారు 7.7 కోట్ల ఖాతాల వివరాలను చేజిక్కించుకున్నారు. సేవలు మూడువారాలకు పైగా మూతపడ్డాయి. 2013లో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం సోనీకి రెండున్నర లక్షల పౌండ్ల జరిమానా విధించింది. ఇంత జరిగిన చోటికే రక్షణకోసం రమ్మంటే ఆటగాళ్ల ముఖాలు చేటంత కాకపోవడంలో వింత లేదు.

అధికారివిచారం

పూర్వపక్షం: ఖాతా కావాలని అంగడిలో మొదటిరోజునుంచే రాసి ఉన్నది, జనం ఒక్కసారిగా విరుచుకుపడి సర్వర్లు కుదేలైనందున దాటవేసే వీలు తాత్కాలికంగా ఇచ్చారు, చదవకపోవడం కొన్నవారి తప్పు. ఈ వాదం పూర్తిగా తీసిపారేయదగినది కాదు. ఈ నిబంధన సంగతి విడుదలకు సుమారు ఆరునెలల ముందే తనకు తెలుసుననీ, ప్రారంభంలో దాన్ని నిలిపివేసిన నిర్ణయం తనదేననీ యారోహెడ్ అప్పటి అధిపతి యోహాన్ పిలెస్టెట్ బహిరంగంగానే ఒప్పుకున్నాడు.

సిద్ధాంతం: విధి చేయగలవానికే గాని చేయలేనివానికి కాదు. మీమాంసాసూత్రాల కర్త జైమిని ఆరో అధ్యాయమంతా ఈ అధికారవిచారానికే, అంటే కర్మకు ఎవరు అర్హులన్న చర్చకే, వినియోగించాడు. నేతిని చూడమన్న కర్మకు గుడ్డివాడు, విష్ణుక్రమాలనే అడుగులు వేయమన్న కర్మకు కుంటివాడు అధికారులా కాదా అని మీమాంసకులు తలలు బద్దలుకొట్టుకున్నారు. సోనీకి ఆ శ్రమ లేకపోయింది. ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అప్పటికి ఉన్నది సుమారు 70 దేశాలలో; ఆట అమ్మింది అంతకు రెట్టింపుకు మించిన చోట్ల. ఖాతా తెరిచే పుటలో దేశాల జాబితాను ఎంత కిందికి జరిపినా ఫిలిప్పీన్స్ కనబడలేదు. లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా కనబడలేదు. పొరుగు దేశం పేరు ఎంచుకుంటే అబద్ధపు వివరాలిచ్చినట్లై నిబంధనల ఉల్లంఘన అయ్యేది, నిజం చెబితే ఖాతాయే తెరుచుకునేది కాదు. భారతదేశం జాబితాలో ఉన్నందున హైదరాబాదు ఆటగాడికి అధికారం సిద్ధించింది గాని, అతనితో కలిసి అదే జట్టులో పోరాడిన మనీలా ఆటగాడికి సిద్ధించలేదు. ప్రకటన వెలువడిన రెండుమూడు రోజులకే 170కి పైగా దేశాలలోనూ ప్రాంతాలలోనూ స్టీమ్‌పై ఆ ఆట అమ్మకం ఆగిపోయింది. దాన్ని బట్టి చూస్తే అప్పటిదాకా అక్కడ అమ్మిందేమిటో అమ్మినవారికే తెలియదని అనుకోవాలి. కొన్న 14 రోజులలోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటేనే సొమ్ము తిరిగి ఇచ్చే అంగడిలో, మూడు నెలలు ఆడినవాడు ఏ మొహంతో అడగాలి?

ఫలశ్రుతి

ఆటగాళ్లు శాస్త్రచర్చ చేయలేదు. స్టీమ్‌లో ఆటపై రెండు లక్షలకు పైగా ప్రతికూల సమీక్షలు రాశారు. దీనికి వారి పరిభాషలో రివ్యూ బాంబింగ్ అని పేరు. ఆటలో సూపర్ ఎర్త్ ప్రభుత్వం పంపే మేజర్ ఆర్డర్‌కు అందరూ కలిసి కదిలినట్టే దీనికీ కదిలారు. గంభీరమైన ప్రభుత్వ ప్రకటనలను ఎగతాళి చేయడానికే పుట్టిన ఆటకు అంతే గంభీరమైన ప్రకటన ఒకటి నిజంగానే జారీ కావడం వారికి కలిసివచ్చింది. కంప్యూటర్ ఆటగాళ్లకు ఏది మేలో ఇంకా నేర్చుకుంటున్నామని చెప్పుకుంటూ, అమలు కావలసిన మే 6 గడియకే సోనీ శాసనాన్ని ఉపసంహరించుకుంది.

నేర్చుకోవడం మెల్లగానే సాగింది. అదే ఏడాది సెప్టెంబరులో కంప్యూటర్‌కు వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్, ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా ఆడుకునే ఆట అయినా, ఖాతా అడిగింది. ఒంటరివాణ్ణి ఎవరినుంచి రక్షిస్తారో భాష్యం లేదు. 2025 జనవరి చివర సోనీ కొన్ని ఆటలకు ఖాతా ఐచ్ఛికమనీ, జతచేసినవారికి దుస్తులవంటి కానుకలిస్తామనీ ప్రకటించింది. నిత్యకర్మ, అంటే మానితే దోషమయ్యేది, కామ్యకర్మగా, అంటే ఫలం కోరినవాడు మాత్రమే చేసేదిగా మారింది. తొలినుంచీ అలాగే అడిగి ఉంటే ఈ టీకా అవసరమే ఉండేది కాదు. ఆ తరువాత పదిరోజులైనా గడవకముందే నెట్‌వర్క్ సుమారు ఒక రోజంతా పనిచేయలేదు.

తాత్పర్యం

సొమ్ము పుచ్చుకున్న తరువాత షరతు పెట్టరాదు. పెట్టదలచినది ముందే, కొనేవాడి కంటబడేలా చెప్పాలి. తీర్చలేనివాడికి అసలు అమ్మరాదు. ఇందులో శాస్త్రం ఏమీ లేదు, సంతలో కూరగాయలు అమ్మేవారికి కూడా తెలిసిన సంగతే. ఒక్క సందేహం మాత్రం తీరకుండా మిగిలింది. శాసనం రద్దయిన నాడు, ఆ శాసనం కోసమే అమ్మకం ఆపిన దేశాలలో అంగడి తిరిగి తెరుచుకోలేదు. విధి తొలగిపోయి, దాని నిషేధం మాత్రం నిలిచివుండే ఈ స్థితికి జైమిని పన్నెండు అధ్యాయాలలో ఎక్కడా అధికరణం లేదు.