విడిదింట్లో మగపెళ్ళివారు

మగపెళ్ళివారికి విడిది నచ్చడమనేది మన వైపు ఎప్పుడూ జరగలేదు. మంచాలుంటే దిండ్లు చాలవు, దిండ్లుంటే దోమలు. కాఫీ చల్లగా వస్తే చల్లగా వచ్చిందంటారు, వేడిగా వస్తే ఆలస్యంగా వచ్చిందంటారు. పెళ్ళికొడుకు పెదనాన్నగారు ఉప్మాలో జీడిపప్పులు లెక్కపెట్టి మరీ అలుగుతారు. ఈ విద్యలో మనల్ని మించినవాళ్ళు లేరని చాలాకాలం నమ్మాను. సెలవులకు వెళ్ళొచ్చిన ఇంగ్లీషువాళ్ళ ఫిర్యాదులు చదివాక ఆ గర్వం కాస్తా దిగిపోయింది.

ట్రావెల్ కంపెనీలకు వచ్చినవంటూ బ్రిటన్ పత్రికల్లో ఏళ్ళ తరబడి తిరుగుతున్న జాబితా ఒకటుంది. బీచిలో ఇసక మరీ ఎక్కువగా ఉందని ఒకరు. సముద్రంలో చేపలుంటాయని ముందే చెప్పాలిగా, పిల్లలు జడుసుకున్నారని ఇంకొకరు. జమైకా నుంచి ఇంగ్లండు చేరడానికి మాకు తొమ్మిది గంటలు పట్టింది, అమెరికావాళ్ళు మాత్రం మూడు గంటల్లో ఇంటికెళ్ళిపోయారు, ఇదేం న్యాయమని మరొకాయన. గోవా వెళ్ళినవారి బాధ ఏమిటంటే, ఏ హోటలుకెళ్ళినా కర్రీయేనట, వారికేమో కారం పడదట. వీటిలో కొన్నిటికి మసాలా తర్వాత ఎవరో దట్టించే ఉంటారు. కానీ 2018లో స్పెయిన్‌లోని బెనిడార్మ్ వెళ్ళొచ్చిన ఎనభై దాటిన ఒక పెద్దావిడ గోడు మాత్రం అక్కడి పత్రికలు పతాక శీర్షికలతోనే వేశాయి. హోటల్లో స్పెయిన్‌వాళ్ళు మరీ ఎక్కువమంది ఉన్నారట. వాళ్ళు సెలవులకు ఇంకెక్కడికైనా పోకూడదా అని ఆవిడ అడిగారు. ఆడపెళ్ళివారింట్లో ఆడపెళ్ళివారి చుట్టాలు ఎక్కువయ్యారని అలిగిన వియ్యపురాలిని నేను ఇంతవరకూ చూడలేదు.

ఈ యాత్రల వ్యాపారం మొదలైంది మద్యపానం మానిపించడానికంటే ఇప్పుడెవరూ నమ్మరు. థామస్ కుక్ అనే భక్తిపరుడు 1841 జులై 5న తలకు ఒక షిల్లింగు చొప్పున ఓ 500 మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు రైల్లో తీసుకెళ్ళాడు, మద్యనిషేధ సభకి. ఆయన పేరు మోసిన కంపెనీ 2019 సెప్టెంబరు 23న దివాళా తీసేనాటికి లక్షన్నర మంది బ్రిటిష్ యాత్రికులు విదేశాల్లో ఉన్నారు. ప్రభుత్వమే విమానాలు పెట్టి వాళ్ళని ఇంటికి చేర్చింది. వాళ్ళలో ఎంతమంది సోడా తాగుతూ దొరికారో ఎవరూ లెక్కతీయలేదు.

అలకకు చట్టంలో పీట వేసినవాడు మాత్రం ఇంగ్లీషు జడ్జి లార్డ్ డెన్నింగ్. ఆయన తీర్పిచ్చిన ఒక కేసు నాకు మహా ఇష్టం. 1969 క్రిస్మస్‌కి ఒక న్యాయవాది 63 పౌండ్ల 45 పెన్నీలు కట్టి స్విట్జర్లాండు కొండల్లోని ఒక హోటలుకు రెండు వారాలు వెళ్ళాడు. ఏడాదికి ఆయనకున్న సెలవే ఆ రెండు వారాలు. బ్రోషర్లో రాసిందేమిటంటే హోటలంతా ఒకే కుటుంబంలా కలిసి పార్టీ చేసుకుంటారని, సాయంత్రం టీతో స్విస్ కేకులుంటాయని, ఒక రాత్రి యోడల్ పాటల కచేరీ ఉంటుందని. మొదటివారం ఆ పార్టీలో పదముగ్గురున్నారు. రెండోవారం ఆయనొక్కడే. హోటలు యజమానికి ఇంగ్లీషు రాదు. కేకుల చోట బంగాళాదుంప చిప్స్, ఎండిపోయిన గింజల కేకు ముక్కలు. ఇక కచేరీ సంగతి. పొలం పని నుంచో షెడ్డు నుంచో పని బట్టలతోనే వచ్చిన ఊరివాడొకడు నాలుగైదు పాటలు గబగబా పాడేసి వెళ్ళిపోయాడు. మన వైపు కరెంటు పోతుందని మంగళాష్టకాలు పరుగెత్తించే పురోహితుడు గుర్తొచ్చాడు నాకు.

ఆ న్యాయవాది ఊరుకోలేదు. కింది కోర్టు సగం సొమ్ము, అంటే 31 పౌండ్ల 72 పెన్నీలు, ఇప్పించింది. ఆయన అప్పీలుకెళ్ళాడు. డెన్నింగ్ ధర్మాసనం 125 పౌండ్లు ఇమ్మంది, కట్టినదానికి దాదాపు రెట్టింపు. సెలవులో పొందాల్సిన ఆనందం అందకపోతే ఆ నిరాశకు కూడా వెల కట్టాల్సిందేనని తీర్పు. నవ్వడం నవ్వుతాను గానీ, అది మంచి తీర్పే. రంగుల కాగితం మీద ఏదిబడితే అది రాసి డబ్బు గుంజేవాళ్ళకి అది చెంపపెట్టు. దాని పేరు చెప్పుకుని తర్వాత వచ్చినవాళ్ళ సంగతి వేరు. 2016, 2017ల్లో స్పెయిన్ హోటళ్ళలో కడుపునిండా తిని, తాగి, ఇంటికొచ్చాక కడుపునొప్పి పరిహారం అడిగే బేరం ఎంత ముదిరిందంటే, చివరికి దొంగ దావాలు వేసినవాళ్ళు జైలుకు కూడా వెళ్ళారు.

ఇలా సాగుతున్న మగపెళ్ళివారి వైభవానికి 2020 డిసెంబరు 31 అర్ధరాత్రి తెరపడింది. యూరోపియన్ యూనియన్‌తో బ్రిటన్ తెగతెంపులు 2016 ఓటుతోనే తేలినా, పరివర్తన గడువు ముగిసింది ఆ రాత్రి. అంతవరకూ స్పెయిన్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండగలిగిన మనిషి, తెల్లారేసరికి 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడని పరాయివాడయ్యాడు. పెళ్ళికొడుకు తండ్రి రాత్రికి రాత్రి పెళ్ళికూతురి తండ్రి కావడమంటే ఇదే. ఇక చేతులు కట్టుకుని నిలబడాలి.

ఆ నిలబడటమెలాగో నేర్పించే భాగ్యం మా మేనల్లుడికి దక్కింది. వాడు లెస్టర్‌లో ఉంటాడు, థామస్ కుక్ విగ్రహమున్న స్టేషనుకు నడిచివెళ్ళే దూరంలో. పక్కింట్లో బడిపంతులుగా రిటైరైన దొరగారు, ఆయన భార్య. మావాడు నాతో ఆయన్ని "మాస్టారు" అంటాడు. ఏటా స్పెయిన్‌లో అలికాంటే దగ్గర టొర్రెవియెహా అనే ఊరు వెళ్ళొచ్చి, ఏటా ఆ ఊరిని తిట్టి, చివరికి అక్కడే స్థిరపడదామని నిర్ణయించుకున్నారు. 2016లో ఓటు ఎటు వేశారో మావాడు అడగలేదు. గరాజు తలుపుకు సగం గీకి వదిలేసిన స్టిక్కరు మాత్రం ఇంకా ఉందట.

ఒక ఆదివారం మాస్టారు వీడి తలుపు కొట్టారు.

"నువ్వు ఈ దేశంలోకి ఎలా వచ్చావబ్బాయ్?" అని అడిగారట. మావాడు కాస్త భయపడ్డాడు. అక్కడ ఈ ప్రశ్న మామూలుగా వేరే గొంతుతో వినిపిస్తుంది. తీరా చూస్తే ఆయన అడిగింది నిజంగానే, కాగితాలెలా పెట్టావని. మావాడు మంచం కింద నుంచి ప్లాస్టిక్ ఫోల్డరు తీశాడు. డిగ్రీ సర్టిఫికెట్టు, టీబీ లేదని ఎక్స్‌రే రిపోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌ఛార్జి కట్టిన రసీదు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారట, తమ దేశమే ఇవన్నీ అడిగిందా అని.

స్పెయిన్ ఆయన్ని అడిగేది కూడా ఇలాంటిదే. పని చెయ్యకుండా కూర్చుని తినేవాళ్ళకిచ్చే వీసా అది. మనిషికి నెలకు 2,400 యూరోల రాబడి చూపించాలి, భార్యకి ఇంకో 600. పోలీసుల నుంచి నేరచరిత్ర లేదన్న పత్రం, దానిమీద అపోస్టిల్ అనే ధ్రువీకరణ ముద్ర, దానికి ప్రమాణ అనువాదకుడి చేత స్పానిష్ తర్జుమా, డాక్టరు సర్టిఫికెట్టు.

"నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను, నా మీద అనుమానమా?"

"అనుమానం కాదండీ, చెక్‌లిస్టు," అన్నాడట మావాడు. ఈ ఒక్క వాక్యం కోసం వాణ్ణి కని పెంచిన మా అక్కకి దణ్ణం పెట్టాలనిపించింది.

అసలు కథ అక్కడ దిగాక మొదలవుతుంది. ఫారినర్ నంబరు, వేలిముద్రల కార్డు, పురపాలక సంఘంలో చిరునామా నమోదు. నమోదుకు అద్దె ఒప్పందం కావాలి, ఇల్లిచ్చేవాడు బ్యాంకు ఖాతా అడుగుతాడు, బ్యాంకువాడు నంబరు అడుగుతాడు. ప్రతి కిటికీ దగ్గరికీ ముందే ఆన్‌లైన్లో వేళ ఖాయం చేసుకోవాలి. ఆ వేళలు విడుదలైన కాసేపటికే మాయం. తిరుమల మూడువందల రూపాయల దర్శనం టికెట్లకు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకి వివరించక్కర్లేదు. ఈ గొడవ మనవల్ల కాదనుకుంటే 'హెస్టోర్' అనే మధ్యవర్తి ఉంటాడు. మన ఆర్టీవో ఆఫీసు ఎదుట గొడుగు కింద కూర్చునే ఏజెంటే, కాకపోతే అక్కడ వాడికి పట్టా, బోర్డు, గౌరవం ఉన్నాయి.

ఇంత కష్టంలోనూ మాస్టారు ఒక మాట మాత్రం వదల్లేదు. మావాడు ఇమ్మిగ్రెంటు, ఆయన ఎక్స్‌పాట్. ఫోల్డరు మాత్రం ఒకటే.

అక్కడికెళ్ళాక ఏం దొరకదో కూడా ఆయన జాబితా రాసుకున్నారు. బ్రిటన్ పెన్షనర్లకు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే భత్యం ఒకటుంది. స్పెయిన్ ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాళ్ళు కూడా 2015 దాకా దాన్ని అందుకున్నారు. ఆ ఏడు ఆపేస్తే ఎంత గోల చేశారని! "పోనీ ఇండియా రమ్మను, హార్స్‌లీ హిల్స్ చల్లగా ఉంటుంది, వాళ్ళ కలెక్టరు కనిపెట్టిన చోటే కదా," అన్నాను. మావాడు నవ్వాడు. స్పెయిన్‌లో ఉంటే వాళ్ళ ప్రభుత్వ పింఛను ఏటా పెరుగుతుందట. ఇండియాలో ఉంటే వచ్చిననాటి అంకె దగ్గరే గడ్డకట్టిపోతుందట.

ఇంకో దెబ్బ శాండ్‌విచ్‌ది. మాంసం, పాలపదార్థాలు బ్రిటన్ నుంచి యూరప్‌లోకి తేకూడదు. 2021 జనవరిలో నెదర్లాండ్స్ సరిహద్దులో ఒక డ్రైవరు దగ్గర్నుంచి అధికారులు హామ్ శాండ్‌విచ్‌లు లాక్కుంటుంటే టీవీలో చూపించారు. బ్రిటన్ మొత్తం కంటతడి పెట్టింది. మా అక్క కాచి, జాడీలో పోసి, ప్లాస్టరు చుట్టి పంపిన నెయ్యి బ్రిటన్ విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలైనప్పుడు ఏ కెమెరా రాలేదు.

ఇదంతా దాటి వెళ్తే స్వాగతం ఎలా ఉంటుందంటారా? 2024లో స్పెయిన్‌కు 9 కోట్ల 38 లక్షల మంది విదేశీ యాత్రికులు వచ్చారు. అందులో కోటీ 84 లక్షల మంది బ్రిటిష్‌వాళ్ళే. ఆ జులైలో బార్సిలోనా జనం హోటళ్ళ బయట కూర్చున్న యాత్రికుల మీద పిల్లల నీళ్ళ తుపాకులు పేల్చారు. అద్దెలు కట్టలేక కడుపు మండిన జనం చేతిలో అంతకంటే మెత్తటి ఆయుధం ఏముంటుంది?

నన్ను నేను వదిలేసుకుంటే బాగుండదు. రెండేళ్ళ క్రితం నేనూ ఒక తెలుగు టూరు పార్టీతో స్విట్జర్లాండు వెళ్ళాను. వంటవాడు మాతోనే వచ్చాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు పులిహోర పొట్లాలు, కందిపొడి, ఆవకాయ. ఆల్ప్స్ మీద మంచు కురుస్తుంటే బస్సులో ముప్ఫై రెండు మందిమి ఒకే విషయం మీద గొంతు చించుకున్నాం. మూడోరోజు పెరుగన్నం లేదు. తిరిగొచ్చాక కంపెనీవాడికి ఫోన్లో నానా మాటలూ అన్నాను. వాడు "సరే సార్" అని పెట్టేశాడు.

మావాడు మాస్టారి ఫైలు మూడు ఆదివారాలు కూర్చుని కుట్టిపెట్టాడు. బదులుగా ఆయనేం చేస్తారు? తనకొచ్చిన విద్యే. మావాడి అద్దింట్లో ఆరువారాలుగా బాయిలరు పనిచెయ్యడం లేదు. మాస్టారు ఇంటి ఓనరుకి ఒకే పేజీ ఉత్తరం రాసిచ్చారు. తేదీలు, గంటలు, చన్నీళ్ళ స్నానాల సంఖ్య, చివర ఒకే వాక్యం: "మీ తీరుకు కొంత నిరాశ చెందాను."

"కోపమేదీ ఇందులో?" అని అడిగాడట మావాడు.

"అదే కోపం," అన్నారట మాస్టారు.

మర్నాడు పొద్దున్నే ప్లంబరు దిగాడు. అప్పట్నుంచి మావాణ్ణి బతిమాలుతున్నాను, మాస్టారు విమానమెక్కేలోపు నా పెరుగన్నం సంగతి కూడా ఒకసారి చెప్పి చూడరా అని.