పశువుల ఆసుపత్రి ఓ.పీ. రిజిస్టరు: టీకా తాత్పర్య సహితము

అవతారిక:
ఓ.పీ. రిజిస్టరు సూత్రగ్రంథం. కర్త డాక్టరుగారు, లేఖకుడు కాంపౌండరు. రోగికి ఒక్క గీతే దక్కుతుంది కనుక వర్ణనలకు చోటు లేదు. రోగి నోరు లేనిది. యజమానికి ఉన్న నోరు ఇద్దరికీ సరిపోతుంది. అందుచేత ప్రతి కేసుకూ యజమాని పాఠం, ఒంటి పాఠం అని రెండు పాఠాలు ఏర్పడ్డాయి. విరోధం వచ్చినచోట ఒంటి పాఠమే గ్రాహ్యం.

మూలం 1: గేదె. ముర్రా. నాలుగో ఈత. ఈని 2 రోజులు. లేవదు. కాల్షియం నరానికి. లేచినది.

ప్రతిపదార్థం: గేదె = మొన్నటిదాకా పాలచెంబు తన్ని దొర్లించినదియు; ముర్రా = కొమ్ములు చుట్టలు తిరిగినదియు; లేవదు = తోక మెలిపెట్టినను, నలుగురు పట్టి లేపినను, తల డొక్కమీద వాల్చి కదలనిదియు నగు పశువు; కాల్షియం = బోరోగ్లూకోనేటు సీసా; నరానికి = మెడ నరమందు మెల్లగా ఎక్కింపగా; లేచినది = త్రేన్చి, వణకి, పేడ వేసి నిలుచున్నది.

తాత్పర్యం: "ఎదురింటావిడ జున్నుపాలు చూసిందండీ, దిష్టి" అని యజమాని పాఠం. చెవులు చల్లన, ముట్టె పొడి, థర్మామీటరులో వేడి మామూలుకన్నా దిగువ అని ఒంటి పాఠం. ఇది పాలజ్వరం. ఈనగానే రక్తంలోని కాల్షియం జున్నుపాలలోకి దిగిపోతుంది. ఎముకల్లోని నిల్వ వెంటనే అందిరాదు. కండరాలు పట్టు తప్పుతాయి. జున్నుపాలకు సంబంధం ఉందన్నంతవరకు యజమానిది సత్యవచనమే.

విశేషం: పూర్వ వ్యాఖ్యాతలలో డెన్మార్కు వాడైన ష్మిట్ పొదుగులో విషం పుడుతోందని తలచి, 1897లో అందులోకి మందునీళ్లు ఎక్కించాడు. తరవాతివారు ఉత్త గాలి కొట్టారు. పశువులు లేచాయి! పొదుగు బిగిసి పాలు ఊరడం ఆగితే కాల్షియం రక్తంలోనే నిలుస్తుంది మరి. అన్వయం తప్పి ఫలం ఒప్పిన అరుదైన వ్యాఖ్యానం ఇది. కాల్షియం లోపమే కారణం కావచ్చునని ఎడిన్‌బరోలో డ్రైయర్, గ్రేగ్ 1925లో చెప్పారు. ఇక "మెల్లగా" అన్న మాట మూలంలో లేదు, ప్రాణం మాత్రం దానిమీదే ఉంది: తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు.

మూలం 2: ఆవు. ఎడమ డొక్క ఉబ్బు. కోసితిమి. కవర్లు. బ్రతికినది.

ప్రతిపదార్థం: కవర్లు = కూరగాయలవి, పాలవి, పెళ్లిభోజనాల మిగులు కట్టినవి, ముడి విప్పనివి, తాళ్లతో పెనవేసుకొన్నవి.

తాత్పర్యం: "చూడిదండీ" అని యజమాని మురిసెను. చూడి కడుపు ఎక్కువగా కుడివైపు కనిపిస్తుంది. ఎడమన ఉండేది నెమరు పొట్ట. ఆవు ఏరుకొని తినే జీవి కాదు, అన్నం వాసన వస్తే కవరుతో సహా మింగుతుంది. కవరు అరగదు, ముందుకు పోదు. డొక్కకు మత్తుసూదులు వేసి, ఆవును నిలబెట్టే కోసి, డాక్టరుగారు మోచేయి దాటేదాకా చేయి పెట్టి తోడారు.

విశేషం: ఇలాగే మింగిన మేకులు, తీగముక్కలు రెండో పొట్టలోకి జారతాయి. అక్కడినుంచి గుండె మరీ దగ్గర. పొట్ట కదిలినప్పుడల్లా మేకు ఆ దిక్కుకే గుచ్చుకుంటుంది. ఇందు ధ్వని: మింగింది ఆవే, వడ్డించింది ఊరు.

మూలం 3: పుంజు. డేగ. తొడ గాయం. కుట్లు. పిల్లి కరిచెనట.

ప్రతిపదార్థం: డేగ = ఎర్రని ఈకలు కలిగి, యజమాని పిల్లలెరుగని బాదంపప్పు తిని పెరిగిన పుంజు.

తాత్పర్యం: పిల్లి పళ్లు గుచ్చుతాయి, గాటు చిన్నది, లోతైనది. ఈ గాయమో పొడుగాటిది, అంచులు నున్నన. పిల్లి కత్తి కట్టుకొని వచ్చి ఉండవలెను. తేదీ చూడగా కనుమ. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పందేలను ఒప్పదు గనుక పిల్లి పాఠం ఏటా ఈ మూడు రోజులూ ప్రచారంలోకి వస్తుంది. పాఠాంతర చర్చ కుట్లు వేశాక చేయవచ్చునని డాక్టరుగారి మతం.

ఫలశ్రుతి: ఈ టీకను శ్రద్ధగా చదివినవారు గేదె కూలబడితే దిష్టి తీయకముందే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేతురు, అన్నాన్ని కవరులోంచి తీసి పెట్టుదురు, ఊరి పిల్లులను అపవాదునుండి విముక్తం చేతురు. చదవనివారి పశువులకూ వైద్యం కలదు. ఓ.పీ. చీటీ మాత్రం ముందే రాయించుకోవలెను.